గురి కన్నా ముందు ఊత

పడమటి కర్నూలు పల్లెల్లో మంచె ఎవరికీ కొత్త కాదు. నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, కాస్త సొప్ప కప్పితే మంచె సిద్ధం. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో పిట్టల్ని తోలేవాడికి అదే కొలువు. వడిసెల తిప్పడానికి నిలబడే చోటుంటే చాలు. రాయి ఎక్కడ పడినా పిట్టల గుంపు లేచిపోతే పని అయినట్టే. అదే మంచె మీదికి తుపాకీ ఎక్కితే లెక్క పూర్తిగా మారిపోతుంది. గుండు ఎక్కడ పడినా ఫరవాలేదనడానికి అక్కడ వీలు లేదు. మద్దికెర, తుగ్గలి, పత్తికొండ వైపు శనక్కాయ, మొక్కజొన్న వేసిన రైతులకు అడవి పందుల బెడద ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. పందిని కాల్చే అనుమతి గురించి, తుపాకీ లైసెన్సు గురించి, కాల్చేవాడి నేర్పు గురించి చర్చలు బాగానే నడుస్తాయి. కాల్చే క్షణంలో ఆ తుపాకీ దేని మీద ఆని ఉంది అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. నా దృష్టిలో మొదట వేయాల్సిన ప్రశ్న అదే. కదలని ఊత దొరికిన చోటే కాల్పు, ఊత లేని చోట కాల్పే లేదు అన్నంత గట్టి నియమం ఉండాలి.

వేట అనగానే మన ఊహ పరుగు వైపే పోతుంది. విజయదశమి నాడు మద్దికెరలో యాదవ రాజవంశీకుల కుటుంబాలవారు గుర్రాలెక్కి సాగించే పారువేటను చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా వస్తారు. కాస్త దక్షిణాన లేపాక్షి ఆలయం పైకప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లోనూ పంది వేట దౌడుగానే కనిపిస్తుంది. కిరాతార్జునీయ కథలో పందికి తగిలిన బాణం ఎవరిదన్న తగాదా కూడా మనకు ఇష్టమైనదే. పండుగకూ కథకూ బొమ్మకూ ఆ దౌడు అందం. చేనులో కాల్పుకు మాత్రం దౌడంత చెరుపు మరొకటి లేదు.

ముందుగా చట్టం సంగతి చెప్పుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట అనేది మన దేశంలో నేరం. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణలు 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం కృష్ణజింక మొదటి షెడ్యూలులో, అడవి పంది రెండో షెడ్యూలులో ఉన్నాయి. చేనులో ఎంత మేసినా కృష్ణజింక మీదికి తుపాకీ ఎత్తే మాటే లేదు. పైగా అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మొదటి షెడ్యూలు జంతువును చంపితే కనీసం మూడేళ్ల జైలు. పంది విషయంలో 11వ సెక్షను ఒక సన్నని దారి వదిలింది. మనుషుల ప్రాణానికో, నిలిచిన పంటతో సహా ఆస్తికో ప్రమాదం ఉందని తేలితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. ఇక 1959 ఆయుధాల చట్టం పంట కాపుదల కోసం మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. అంటే పంట కోసం చట్టబద్ధంగా రైతు చేతికి రాగల ఆయుధం తరచుగా పాతకాలపు తుపాకీయే. అందుకే ఈ వ్యాసంలోని మాటలన్నీ అనుమతి కాగితం చేతిలో ఉన్నవారి గురించే. ఆ కాగితం లేనివాడికి మంచె ఎంత గట్టిదైనా, ఊత ఎంత బాగున్నా చేస్తున్నది నేరమే.

ఊత ఎందుకు అన్నదానికి చిన్న లెక్క చాలు. భుజం నుంచి గొట్టం మూతి దాకా తుపాకీ పొడవు సుమారు 1 మీటరు అనుకుందాం. భుజం దగ్గర కదలకుండా మూతి 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 50 మీటర్ల దూరాన గుండు 5 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. మూతి 5 మిల్లీమీటర్లు ఊగితే అది 25 సెంటీమీటర్లు. పంది గుండె, ఊపిరితిత్తులు ముందుకాళ్ల వెనక, ఒంటికి కింది సగంలో ఉంటాయి. గుండు పడాల్సిన ఆ చోటు చిన్న పళ్లెం కంటే పెద్దది కాదు. నిలబడి, చేతుల బలంతో మాత్రమే తుపాకీ పట్టుకున్న మనిషికి 5 మిల్లీమీటర్ల ఊగు చాలా మామూలు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీతో పాటు భుజం లేస్తుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా మూతి అదురుతుంది, కొంతసేపు ఎత్తి పట్టుకుంటే కండరం వణుకుతుంది. కండరానికి అలసట తప్పదు. ఎముక, కొయ్య, నేల అలసిపోవు. తుపాకీ బరువును కండరం నుంచి తప్పించి ఎముక మీదికి, ఎముక నుంచి కొయ్య మీదికి దించడమే ఊత చేసే పని.

మందు కూరే తుపాకీకి ఈ అవసరం ఇంకా ఎక్కువ. కొత్త రైఫిల్లో మీట నొక్కిన వెంటనే తూటా వెళ్లిపోతుంది. పాత తుపాకీలో సుత్తి పడి, నిప్పు పుట్టించే టోపీ పేలి, ఆ నిప్పు గొట్టం అడుగున ఉన్న మందుకు అంటుకునేలోగా క్షణంలో ఒక చిన్న భాగం గడుస్తుంది. మందుకు చెమ్మ తగిలి ఉంటే ఆలస్యం చెవికి తెలిసేంతగా ఉంటుంది. ఆ వ్యవధి అంతా మూతి అక్కడే నిలవాలి. మెరుపుకు కన్ను మూసుకుని, చప్పుడుకు భుజం వెనక్కి లాక్కునేవాడి గురి ఆ లోపే చెదిరిపోతుంది. చవక తుపాకీ చేతిలో ఉన్నవాడికి ఖరీదైన తుపాకీ ఉన్నవాడి కంటే మంచి ఊత కావాలి. మన చేలల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

తప్పిన గుండు పోతే పోయిందిలే అనుకోవచ్చు. సగం తగిలిన గుండుతోనే చిక్కు. వేటగాడు జిమ్ కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. దాని కుడివైపు పై కోర సగానికి, కింది కోర మొదలంటా విరిగి ఉన్నాయనీ, అది పాత తుపాకీ గాయమేననీ, సహజమైన వేటకు దూరమై అది మనుషుల మీద పడటానికి ఆ గాయమే కారణమనీ కార్బెట్ రాశాడు. రుద్రప్రయాగ చిరుత కథ మన విషయానికి ఇంకా దగ్గర. 1921లో ఇద్దరు యువ అధికారులు అలకనంద మీది వేలాడే వంతెన స్తంభాలెక్కి రాత్రుల తరబడి కాపు కాశారు. చిరుత వచ్చింది, వాళ్లు కాల్చారు, అది కాలివేలు కొంత పోగొట్టుకుని పారిపోయింది. అది నరమాంసం మరిగింది అంతకు ముందే కాబట్టి ఆ తప్పును ఆ గుండు మీద వేయలేం. ఆ తర్వాత ఐదేళ్లు అది మనుషుల్ని చంపుతూనే ఉంది, మొదటి నుంచీ లెక్కకు వచ్చిన మరణాలు మొత్తం 125. చివరికి 1926 మేలో గోలాబ్‌రాయ్ దగ్గర మామిడిచెట్టు మంచె మీది నుంచి కార్బెట్ దాన్ని కాల్చాడు. ఎత్తు ఒక్కటే ఉంటే చాలదని వంతెన స్తంభాల ఉదంతం చెబుతుంది. పంది నరమాంసం మరగదు, నిజమే. కానీ పొట్టలో గుండు పడ్డ పంది రాత్రంతా చేనులోనే నక్కి ఉంటే, పొద్దున కలుపు తీయడానికి వంగిన కూలీలకే అది ఎదురవుతుంది. ఆ ప్రాణి పడే యాతన వేరే లెక్క, అదీ చిన్నదేమీ కాదు.

ఎత్తు మీద ఊతను శాస్త్రంలా పట్టించుకున్నది అమెరికా జింక వేటగాళ్లు. అక్కడ సీజను, లైసెన్సు, ఎన్నింటిని కొట్టొచ్చన్న హద్దు అన్నీ ఉంటాయి. నిటారుగా, కొమ్మల్లేకుండా పెరిగే పైన్ చెట్ల అడవుల్లో వాళ్లు ఎక్కే మంచె వాడతారు. అందులో రెండు చట్రాలుంటాయి. ఒకటి కూర్చోవడానికి, ఒకటి పాదాలకు. రెండింటికీ చెట్టు చుట్టూ తిరిగే తీగో పట్టానో ఉంటుంది. కూర్చునే చట్రం మీద బరువు వేసి పాదాల చట్రాన్ని పైకి లాగాలి, తర్వాత పాదాల మీద నిలబడి కూర్చునే చట్రాన్ని పైకి జరపాలి. నడుముకు మోకు, కాళ్లకు బంధం వేసుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికుడి కిటుకే ఇది, ఇనుములో పోతపోసినట్టు. అయితే అలాంటి మంచెకు రెండు కదలికలు పుట్టుకతోనే వస్తాయి. గాలికి చెట్టు ఊగుతుంది, మనిషి ఒరిగినప్పుడల్లా చట్రం చెట్టు మీద కాస్త జరుగుతుంది. అందుకే వాళ్లు కూర్చునే దిక్కును బట్టి ఊత ఎంచుకుంటారు. చెట్టు వైపు ముఖం పెట్టి కూర్చుంటే మానే ఊత. ఎడమ అరచేతిని మానుకు అదిమి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తుపాకీ ముందుకొయ్యను పెడతారు. చెట్టుకు వీపు ఆనించి కూర్చుంటే ముందు అడ్డంగా మెత్త చుట్టిన కమ్మీ ఉంటుంది, తుపాకీ దాని మీద. మొదటి పద్ధతిలో చెట్టు ఊగినా మనిషి, తుపాకీ కలిసే ఊగుతాయి, చట్రం సందుల్లోని వదులు మాత్రం గురికి అంటదు. కమ్మీ పద్ధతిలో ఆ వదులంతా తుపాకీకి చేరుతుంది కాబట్టి ఎక్కగానే పట్టాలు బిగించి, ఒకసారి బరువంతా వేసి చూసుకోవాలి.

మద్దికెర వైపు ఆ ఎక్కే మంచె తెచ్చినా బిగించడానికి చెట్టు దొరకదు. వేప, చింత, తుమ్మ వంకర తిరిగి, నడుమెత్తులోనే కొమ్మలేస్తాయి. మనకు పనికొచ్చేది నాలుగు గుంజల మంచే, ఊత విషయంలో అది ఆ విదేశీ సరుకు కన్నా మేలు కూడా. గుంజలు నేలలో నిలుస్తాయి గనక గాలికి ఊగేది తక్కువ. కిటుకంతా అడ్డకర్రలో ఉంది. తుపాకీ ఆనించే ఆ కర్రను కూర్చునే పరుపుకు కట్టకూడదు, నేరుగా గుంజలకే కట్టాలి. పరుపుకు కడితే మోకాలు మార్చిన ప్రతిసారీ మూతి కదులుతుంది. కర్ర ఎత్తును ముందుగా అనుకుని కడితే కుదరదు. మనిషి కూర్చుని, వెన్ను నిటారుగా ఉంచి, తుపాకీ భుజానికి చేర్చి చీకట్లో పంది నిలబడే చోటు వైపు మూతి వంచినప్పుడు ముందుకొయ్య ఎక్కడికి వస్తుందో అక్కడ కట్టాలి. మెడ వంచి, నడుము సాగదీసి కర్రను అందుకోవాల్సి వస్తే ఆ కర్ర ఉన్నా లేనట్టే.

ఆ కర్ర మీద గొట్టాన్ని నేరుగా పెట్టకూడదన్నది చాలామందికి తెలియని సంగతి. పేలినప్పుడు గొట్టం అదురుతుంది. గట్టి కర్రకు తగిలితే ఎగిరి గుండును పైకి తోస్తుంది. గొట్టం కింద చేతితో పట్టుకునే ముందుకొయ్యను మాత్రమే ఆనించాలి, అదీ ఊకో ఇసుకో సగం నింపిన చిన్న సంచి వేసి. సగం అని ఎందుకంటే, నిండా కూరిన సంచి మీద తుపాకీ దొర్లుతుంది, సగం నింపిన దాంట్లో కుదురుకుంటుంది. ఇది సగం ఊతే. ముందు ఒక్కచోట ఆనితే మూతి నిలుస్తుంది, వెనక భాగం ఇంకా ఊగుతూనే ఉంటుంది. కుడి మోచేతిని మోకాలి మీదో, గుంజకు కట్టిన రెండో కర్ర మీదో ఆనిస్తే అప్పుడు రెండు చివరలా నిలకడ వస్తుంది. మోచేతి మొనను మోకాలి చిప్ప మీద పెడితే ఎముక మీద ఎముక జారుతుంది కాబట్టి కాస్త పైకి, కండ ఉన్నచోట ఆనించాలి. కుడి భుజానికి తుపాకీ పెట్టేవాడు కూర్చున్నచోటి నుంచి ఎడమ వైపు సులువుగా తిరగగలడు, కుడి వైపు నడుము మెలిపెట్టాల్సిందే. పందులు రోజూ వచ్చే దారి ఎడమ చేతి వైపుకు పడేలా మంచె వేసుకోవాలి.

పాతకాలం షికారీలు మంచె మీద లేచి నిలబడి, ఊత గీత లేకుండానే కొట్టేవారు కదా అని అనేవాళ్లుంటారు. వాళ్లు రాసుకున్నది ఎక్కువగా తగిలిన గుండ్ల గురించి. వాళ్ల పుస్తకాల్లోనే గాయపడి పొదల్లోకి పోయిన పులుల్ని తెల్లారాక వెతుక్కుంటూ పోయిన అధ్యాయాలకు కరువు లేదు. పాఠకుడికి ఒళ్లు గగుర్పొడిచే ఆ ఘట్టాలు చాలావరకు సరిగ్గా పడని గుండు కొనసాగింపులే. ఇప్పుడు తుపాకీకి బిగించే టెలిస్కోపులు వచ్చాయి కదా, ఊత ఎందుకన్నది మరో వాదం. టెలిస్కోపు లక్ష్యాన్ని పెద్దది చేసినంతగా వణుకునూ పెద్దది చేసి చూపిస్తుంది, తగ్గించదు. దాంట్లో నుంచి చూస్తే ఊత లేనివాడికి గురి గుర్తు పంది ఒంటినిండా తిరుగుతూ కనిపిస్తుంది. అది ఊత అవసరాన్ని కంటికి కట్టించే సాధనం అంటే సరిపోతుంది.

ఎత్తు అనేదే ప్రమాదం కదా అన్నది దీనికన్నా బరువైన అభ్యంతరం. చెట్టు మీది నుంచి పడటం గీత కార్మికుల ఇళ్లలో ఎన్నో బతుకుల్ని కూల్చింది. అందుకే 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వాళ్లకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తుపాకీ పట్టుకుని, చీకట్లో, నిద్ర ముంచుకొచ్చే వేళ మంచె మీద కూర్చునేవాడికి అలాంటి తొడుగు ఇంకా అవసరం. పదడుగుల ఎత్తే కదా అని తీసిపారేయకూడదు. ఒంటికంతా పట్టే పట్టాలు, గుంజకు కట్టిన తాడు ఉండాల్సిందే. ఆ తాడు బిగువుగా ఉంటే దాని మీదికి కొద్దిగా ఒరిగి కూర్చోవచ్చు, అదే మూడో ఊత అవుతుంది. తుపాకీని భుజాన వేసుకుని ఎక్కడం మాత్రం క్షమించరాని పని. మనిషి ఎక్కి, తాడు బిగించుకున్నాక, ఖాళీ తుపాకీని మూతి కిందికి ఉండేలా తాడుతో పైకి లాక్కోవాలి. మందు కూరే తుపాకీ అయితే టోపీ పెట్టేది పైన కుదురుగా కూర్చున్నాకే.

అదే ఎత్తు చుట్టుపక్కల వాళ్లకు రక్షణ కూడా. తొలకరి పడగానే మద్దికెర, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వెతికే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, కొందరు రాత్రిళ్లు ఆ దగ్గర్లోనే ఉండిపోతారు. బయలునేల, గుండును ఆపే గుట్టా లేదు, అడవీ లేదు. నేల మీద నిలబడి 30 మీటర్ల దూరంలోని పందిని కాల్చేవాడి తుపాకీ సుమారు 2 డిగ్రీలు మాత్రమే కిందికి వంగి ఉంటుంది. మూతి ఆ 2 డిగ్రీలు పైకి లేచిందా, గుండు నేలకు సమాంతరంగా పక్క చేలల్లోకి పోతుంది. పదడుగుల మంచె మీద కూర్చుంటే ఆ వంపు 7 డిగ్రీల దగ్గరికి వస్తుంది. పందిని తప్పినా గుండు మూడు నాలుగు మీటర్ల అవతలే మట్టిలో దిగుతుంది. గులకరాళ్ల నేల అయితే ఎగిరిపడే భయం ఉండనే ఉంది కనుక పంది నిలిచేచోటు ముందే చూసుకుని రాళ్లు ఏరివేయాలి. ఎత్తు ఇచ్చే ఆ వంపును నిలబెట్టేది మళ్లీ ఊతే.

అడ్డకర్రకు కట్టుబడి కూర్చున్నప్పుడు పంది వెనక నుంచి వస్తే ఏం చేయాలి? వదిలేయాలి. ఈ జవాబు రైతుకు రుచించదు, ఒక్క రాత్రిలో ఎకరం శనక్కాయ తవ్విపోసిన మందను చూస్తూ కూర్చోమనడం కఠినమే. కాల్పులతో పందుల సంఖ్య తగ్గుతుందన్న ఆశే అంత గట్టిది కాదని కూడా ఒప్పుకోవాలి. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో, ప్రభుత్వ అనుమతితో, హైదరాబాదు నుంచి పిలిపించిన షూటర్లు 200కు పైగా నీల్‌గాయ్‌లను చంపారు. దానిపై కేంద్ర మంత్రుల మధ్యే మాటల యుద్ధం జరిగింది, నీల్‌గాయ్‌ల బెడద అంతటితో తీరలేదు. కేరళ 2022లో పందుల్ని కాల్పించే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించి, విషం, పేలుడు పదార్థాలు, కరెంటు వాడకూడదని షరతు పెట్టింది. ఆ షరతు మనకు బాగా అర్థమవుతుంది. చేను చుట్టూ కరెంటు తీగ లాగితే పందితో పాటు పక్క రైతు కూడా పోయిన ఘటనలు మన జిల్లాల్లో కొత్త కాదు. వాటి పక్కన పెట్టి చూస్తే, ఏ జంతువో చూసి, ఆగి, ఊత దొరికితేనే పేల్చే తుపాకీ చాలా నయం. ఊత తీసేస్తే ఆ నయం పోతుంది, చీకట్లో పేలేదేదైనా ఒకటే అవుతుంది.

అనుమతి ఇచ్చే అధికారి కాగితంలో తుపాకీ నంబరు, తేదీలు, పందుల సంఖ్య రాస్తే సరిపోదు. మంచె ఏ చేనులో, ఎంత ఎత్తున, ఏ దిక్కుకు, ఎంత దూరం వరకు అన్నదీ రాయాలి. దూరాన్ని పగలే తేల్చుకోవచ్చు. జనం లేని వేళ, అధికారి ముందు, మంచె నుంచి 20, 30, 40 మీటర్ల దగ్గర గుంజలు పాతి, వాటి ముందు మట్టికట్ట పోసి, ఒక్కోదానికి చిన్న పళ్లెమంత కాగితం అంటించాలి. అడ్డకర్ర మీద ఆనించి ఐదేసి గుండ్లు కాలిస్తే, ఐదూ కాగితంలో పడిన చివరి గుంజే అతని హద్దు. నునుపు గొట్టం పాత తుపాకీతో ఆ హద్దు 30 మీటర్లకు మించకపోవచ్చు, మించనక్కర్లేదు కూడా. ఆ గుంజను పీకకుండా పైన తెల్లగుడ్డ కట్టి ఉంచితే రాత్రి పూట దూరం పొరపడే అవకాశం ఉండదు. దానికి ఇవతల నిలిచిన పంది అతనిది, అవతలిది కాదు.